గుర్తుండకపోతే దండగేనా?

"మూడేళ్ల పిల్లకి ఏం తెలుస్తుందని అంత దూరం తీసుకెళ్తారు? పెద్దయ్యాక గుర్తుంటుందా, పాడా? డబ్బు దండగ, ఒళ్లు హూనం." డిసెంబరు వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ మాట వినపడకుండా ఉండదు. ఎవరో పోలార్ ఎక్స్‌ప్రెస్ రైలుకి టికెట్లు కొంటారు, వెంటనే సలహాలు మొదలవుతాయి. విజిటర్ వీసా మీద వచ్చిన నా వయసు అమ్మమ్మలూ తాతయ్యలూ ఒకపక్క, ప్రతి ఖర్చునీ లెక్కకట్టి చూసుకునే కుర్ర తల్లిదండ్రులు మరోపక్క, అందరూ ఒకే తీర్పు చెబుతారు: "ఇప్పుడెందుకు? ఏడో ఎనిమిదో ఏళ్లు రానివ్వండి, అప్పుడు వెళ్లచ్చు."

ఎవరూ ఎదురు చెప్పరు కాబట్టి ఇది ఇంగితజ్ఞానంగా చెలామణీ అయిపోతోంది. నేను ఎదురు చెబుతున్నాను. ఈ తీర్పు తప్పు. పసితనం గురించి తప్పు, జ్ఞాపకం గురించి తప్పు, మన సొంత ఆచారాల గురించి కూడా తప్పు. ఆ రైలు ఎక్కాల్సిన వయసే మూడు నుంచి ఆరు. ఎనిమిదేళ్లకి వాయిదా వేశారంటే అసలు ప్రయోజనాన్నే వదులుకున్నట్టు.

ఈ రైలేమిటో తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1985లో 'ది పోలార్ ఎక్స్‌ప్రెస్' అనే బొమ్మల పుస్తకం వేశాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒక పిల్లవాడి ఇంటి ముందు రైలు ఆగుతుంది. నైట్ డ్రెస్సుల్లో ఉన్న పిల్లలని ఎక్కించుకుని ఉత్తర ధ్రువానికి, క్రిస్మస్ తాత దగ్గరికి తీసుకెళ్తుంది. 1986లో ఆ పుస్తకానికి కాల్డెకాట్ పతకం వచ్చింది. 2004లో రాబర్ట్ జెమెకిస్ దాన్ని టామ్ హాంక్స్‌తో సినిమాగా తీశాడు. ఇప్పుడు అమెరికాలో చాలా పాత రైలుమార్గాలు అనుమతి తీసుకుని నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ కథనే పట్టాల మీద నడుపుతున్నాయి. అరిజోనాలో గ్రాండ్ క్యానియన్ రైల్వే, కొలరాడోలో డురాంగో సిల్వర్టన్ న్యారోగేజ్ రైలు, నార్త్ కరోలినాలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ రైల్‌రోడ్ వాటిలో పేరున్నవి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి అందుబాటులో ఉన్నది టెక్సస్ స్టేట్ రైల్‌రోడ్. కారులో రెండు గంటలు వెళ్తే పాలస్టీన్ అనే చిన్న ఊరు వస్తుంది. రస్క్ అనే ఊళ్లోని జైలు ఖైదీల చేత వేయించిన ఆ పట్టాలు 1909 నాటికి ఈ ఊరు చేరాయి. 1976 నుంచి వాటి మీద విహారయాత్రల రైళ్లు నడుస్తున్నాయి.

ఇక వాదనలోకి వస్తాను. "గుర్తుండదు" అన్న మాటతోనే మొదలుపెట్టాలి, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి కాబట్టి. ఆ మాట అనే పెద్దలని ఒకటి అడుగుతాను. మీ మనవడికి అన్నప్రాశన చేశారు కదా. ఆరో నెలలో పాయసం నాకించి, పుస్తకం, కలం, బంగారం ముందు పరిచి, దేన్ని పట్టుకుంటాడోనని ఇల్లంతా ఊపిరి బిగబట్టి చూశారే, ఆ రోజు వాడికి గుర్తుందా? భోగినాటి సాయంత్రం చంటిపిల్లని పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్లు, చెరకుముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి దోసిళ్లతో తలమీద పోసి హారతిచ్చారే, ఆ పిల్లకి గుర్తుందా? డాలస్ దగ్గర ఫ్రిస్కోలోనూ ఇర్వింగ్‌లోనూ ఉన్న తల్లులు రేగుపళ్ల కోసం ఇండియన్ స్టోర్లన్నీ గాలించి, దొరక్కపోతే చేతికందిన పళ్లతోనైనా ఆ వేడుక కానిస్తారు. "దీనికి గుర్తుండదు, ఏడేళ్లు వచ్చాక పోద్దాం" అని ఏ అమ్మమ్మా అనగా నేను వినలేదు. ఏడేళ్లొచ్చాక చాలా ఇళ్లలో భోగిపళ్లు పోయరు. ఆ వేడుక ఉన్నదే ఆ వయసుకి.

మన పెద్దలు పసిపిల్లల ముచ్చట్లన్నీ గుర్తుండని వయసులోనే పెట్టారు. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, భోగిపళ్లు, ఏది తీసుకున్నా అంతే. పిల్లల జ్ఞాపకమే కొలత అయ్యుంటే ఇవన్నీ పదేళ్లకి జరిపేవాళ్లు. పిల్ల నవ్వు ఆ పూటకి చాలు, ఇంటిల్లిపాదీ ఆ పిల్ల చుట్టూ చేరడం చాలు అనుకున్నారు కనకే అలా పెట్టారు. మన ఇంట్లో మనం ఎన్నడూ వాడని కొలతని తీసుకొచ్చి రైలు దగ్గర మాత్రం వాడుతున్నాం. ఇదెక్కడి న్యాయం?

పోనీ, జ్ఞాపకమే కావాలంటారా? అక్కడా ఈ వాదన నిలవదు. మూడేళ్ల లోపు సంగతులు పెద్దయ్యాక మనలో చాలామందికి గుర్తుండవన్నది నిజమే. కానీ అంతమాత్రాన పిల్లలకి అసలు జ్ఞాపకమే ఏర్పడదనుకోవడం పొరపాటు. ఎమరీ విశ్వవిద్యాలయంలో పట్రిషియా బావర్ ఈ విషయం మీద చాలా ఏళ్లు పనిచేసింది. 2014లో వచ్చిన ఆమె పరిశోధనలో, మూడేళ్ల పిల్లలు తమకు జరిగిన సంగతులని తల్లులతో ముచ్చటిస్తుంటే రికార్డు చేశారు. కొన్నేళ్లు పోయాక అవే సంగతులు అదే పిల్లలని అడిగారు. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అడిగితే 60 శాతానికి పైగా చెప్పగలిగారు. ఎనిమిది, తొమ్మిదేళ్లకి వచ్చేసరికి అది 40 శాతం లోపుకి పడిపోయింది. అంటే మూడేళ్లనాటి ప్రయాణం ఏడేళ్ల దాకా పిల్ల వెంటే ఉండగలదు. నాలుగేళ్లంటే ఆ పిల్ల అప్పటిదాకా బతికినదానికన్నా ఎక్కువ. అంతకాలం మనసులో మెదిలినదాన్ని, ఇరవయ్యో ఏట గుర్తురాలేదు కాబట్టి లేనట్టే జమకడతామా?

ఇంకో సంగతి. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లలని పసితనం నుంచి టీనేజీ దాకా గమనిస్తూ వచ్చారు. జరిగినదాని గురించి ఎవరి తల్లులు చిన్నప్పుడు వాళ్లతో వివరంగా ముచ్చటించారో, ఆ పిల్లల తొలి జ్ఞాపకాలు మరింత చిన్న వయసు నాటివని తేలింది. "అప్పుడు ఆయన ఏం చేశాడు? నువ్వేమన్నావు? నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడుగుతూ కూర్చోవడం అమ్మమ్మల పనే కదా! గుర్తుంచుకునే భారమంతా మూడేళ్ల పిల్ల నెత్తిన పెట్టి, మనం మాత్రం "దానికి గుర్తుండదు" అని చేతులు దులుపుకుంటున్నాం. గుర్తుండేలా మాట్లాడటం మన చేతిలో ఉంది.

అసలు ఈ వాదనలో నన్ను బాధపెట్టేది వేరే ఉంది. పిల్లని రేపటి పెద్దమనిషికి ముడిసరుకుగా చూడటం అది. ఈ రోజు తను పడే సంతోషానికి దానంతటదిగా విలువ లేదట, ఎప్పుడో పెద్దయ్యాక తలుచుకుంటేనే విలువట. ఇదే తర్కం మనకి వర్తింపజేస్తే ఒప్పుకుంటామా? మతిమరుపు వచ్చిన ఎనభై ఏళ్ల తండ్రిని తిరుపతి తీసుకెళ్లే కొడుకుని "ఆయనకి రేపటికి గుర్తుండదు, దండగ" అని ఎవరైనా అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ముసలితనానికి ఇచ్చే గౌరవం పసితనానికి ఎందుకివ్వం?

రెండో అభ్యంతరం: "అది ఎక్కడికీ వెళ్లని రైలు. గంటసేపు చీకట్లో తిప్పి ఎక్కినచోటే దింపుతారు." ఊరు చేరడానికే రైలెక్కిన తరం మాది, అందుకే ఈ మాట మాకు సులువుగా వస్తుంది. కానీ విశాఖ నుంచి కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్లినవాళ్లని అడగండి. కొత్తవలస దాటాక కొండల్లో 58 సొరంగాలున్న మార్గం అది. ఒక్కో సొరంగంలోకి బండి దూరగానే బోగీ మొత్తం కేకలు పెడుతుంది. అరకు బస్సులోనూ వెళ్లచ్చు. అయినా పిల్లలున్నవాళ్లు రైలే కావాలంటారు. పిల్లలకి రైలంటే చేరవేసే సాధనం కాదని, రైలే ఊరని మనకి ఏనాడో తెలుసు. పాలస్టీన్‌లో ఆ తెలివి ఏమైపోయింది?

అక్కడ జరిగేది దగ్గరగా చూడండి. ప్లాట్‌ఫారం మీద పిల్లలంతా నైట్ డ్రెస్సుల్లో, పైన కోట్లు వేసుకుని ఉంటారు. పడుకునే బట్టలతో రాత్రిపూట ఇల్లు దాటి రావడమే వాళ్లకి పెద్ద విచిత్రం. రైలు కదిలాక నల్లకోటు, టోపీ పెట్టుకున్న కండక్టరు ఒక్కో సీటు దగ్గరా ఆగి, ప్రతి పిల్ల టికెట్టూ విడిగా అడిగి తీసుకుని చిల్లు పొడుస్తాడు. మేం వెళ్లినప్పుడు మా మనవరాలు తన టికెట్టు గుండెకి హత్తుకుని ఇవ్వనంది. ఆయన తొందరపడలేదు. మోకాళ్లు వంచి, చెయ్యి చాపి ఆగాడు. చివరికి ఇచ్చింది. చిల్లు పడ్డ టికెట్టు చూసి ముందు పెదవి విరిచింది. తర్వాత ఆ చిల్లు కంటికి ఆనించుకుని వాళ్ల నాన్నని, నన్ను, ఎదురు సీటులో ఉన్న ముసలాయనని వరసగా చూసింది. ఆ తర్వాత వంటవాళ్ల వేషంలో ఉన్న కుర్రాళ్లు హాట్ చాక్లెట్టు కప్పులు పట్టుకుని నడవలో గంతులేశారు, ఒకతను కథ పుస్తకం పైకెత్తి ప్రతి వరసకీ బొమ్మలు చూపిస్తూ నడిచాడు. తూర్పు టెక్సస్ పైన్ చెట్ల మధ్య చీకట్లో ఒక్కసారిగా దీపాల ఊరు కనపడింది. క్రిస్మస్ తాత ఎక్కి ప్రతి పిల్ల చేతిలో చిన్న గంట పెట్టాడు.

పెద్దవాళ్లం మనం చూస్తే అడవిలో కట్టిన సెట్టింగు, జీతానికి వేషం కట్టిన నటులు. మూడేళ్ల పిల్ల చూస్తే, ఎన్నడూ చూడని పెద్దమనిషి ఒకాయన తన ఒక్కదాని కోసం వంగి, తన జవాబు కోసం ఆగాడు. ఆ వయసు పిల్లలతో పెద్దలు రోజంతా తలపైనుంచే మాట్లాడతారు. తన టికెట్టు తనే ఇవ్వడం, తన పేరు తనే చెప్పడం, పరాయివాళ్లు నిండిన పెట్టెలో భయపడకుండా కూర్చోవడం చిన్న పనులు కావు.

"అదంతా యూట్యూబులో చూపిస్తే సరిపోదా, సినిమా ఉందిగా" అంటారు కొందరు. ఆ సినిమా తీసినవాళ్లకే అసలు ఇంజను లేనిదే పని జరగలేదని వాళ్లకి తెలియదు. సినిమాలో కనిపించే ఇంజనుకి నమూనా మిషిగన్ రాష్ట్రం ఒవాసోలో ఉన్న పేర్ మార్కెట్ 1225. 1941లో ఒహాయోలోని లైమా కర్మాగారంలో తయారైంది. దాని డ్రాయింగుల ఆధారంగా బొమ్మ గీశారు, దాని చప్పుళ్లనే రికార్డు చేసి వాడారు. ఆ ఇంజను బతికి ఉండటం వెనకా కథ ఉంది. పనిలోంచి తీసేశాక 1957లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేస్తే ఆవరణలో ప్రదర్శనకి పెట్టారు. తర్వాత అక్కడి విద్యార్థులు నడుం కట్టి బాగుచేయడం మొదలుపెట్టారు. ఆ 1225 అన్న అంకెలోనే డిసెంబరు 25 ఉందని పిల్లలు కనిపెట్టి మురిసిపోతారు. ఉక్కు బరువు కాళ్ల కింద కదలడం, పెట్టెలు ఒకదాన్నొకటి లాగినప్పుడు సీటు కుదుపు, కూత గుండెల్లో మోగడం తెరమీద దొరకవు. ఒళ్లంతా చెవిగా ఉండే వయసులో పిల్లకి ఫోను ఇచ్చి "ఇదే రైలు" అని చెబితే, అదీ అబద్ధమంటే.

అబద్ధం మాట వచ్చింది కాబట్టి దాని గురించీ చెప్పాలి. "లేని క్రిస్మస్ తాతని ఉన్నాడని నమ్మించడం మోసం, పైగా మన పండుగ కాదు" అన్నది మరో ఆక్షేపణ. చందమామని పిలిచి, అదిగో వస్తున్నాడు అంటూ గోరుముద్దలు తినిపించిన తల్లులంతా మోసగత్తెలా? ఊహ పిల్లల ఎదుగుదలలో భాగమని మన అమ్మలకి తెలుసు. వయసు వచ్చినప్పుడు పిల్లలే మెల్లగా బయటపడతారు. వాన్ ఆల్స్‌బర్గ్ కథ చెప్పేదీ అదే. క్రిస్మస్ తాత ఇచ్చిన గంట మోత నమ్మేవాళ్లకే వినిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కరికీ వినపడటం మానేస్తుంది. ఎనిమిదేళ్లు రానివ్వండి అనేవాళ్లు ఈ ఒక్కటి గమనిస్తే చాలు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అంతా గుర్తుంటుంది నిజమే. తాత గడ్డం ఎక్కడ అతికించారో, పక్క క్లాసు పిల్లలు చూస్తే నవ్వుతారేమో అన్నది కూడా గుర్తుంటుంది. అప్పటికి వాడు ప్రేక్షకుడు. నాలుగేళ్ల పిల్ల ఆ కథలో మనిషి.

మన పండుగ కాదన్న మాటకి జవాబు తెలంగాణలోనే ఉంది. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచిన మెదక్ చర్చికి క్రిస్మస్ నాడు అన్ని మతాలవాళ్లూ పిల్లలని చంకనెత్తుకుని వెళ్తారు. పల్లెల్లో పీర్ల పండుగకి హిందువుల ఇళ్ల నుంచి బెల్లం పానకం, ఊదు వెళ్తాయి. పక్కింటివాళ్ల పండుగకి పిల్లలని తీసుకెళ్లడం మన ఊళ్లలో మర్యాద. డాలస్‌లో పుట్టి, తోటి పిల్లలతో కలిసి అదే బడికి వెళ్లే పిల్లకి ఆ మర్యాద ఎందుకు నిషేధించాలి? సంక్రాంతి ఉన్నది మూడు వారాల దూరంలోనే. రైలెక్కిన పిల్ల భోగిపళ్లకి దూరం కాదు.

ఇక డబ్బు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసేయను. నలుగురు వెళ్తే వందల డాలర్లవుతాయి. అప్పు చేసి వెళ్లమని ఎవరికీ చెప్పను. కొత్తగా ఉద్యోగం పోయిన ఇంట్లో ఈ మాట ఎత్తడమే తప్పు. కానీ కారుకి కొత్త చక్రాలు, ఫోనుకి కొత్త మోడలు కొని, పుట్టినరోజుకి హాలు బుక్ చేసి నూటయాభై మందికి భోజనాలు పెట్టే ఇంట్లో రైలు టికెట్టు దగ్గర మాత్రం దండగ గుర్తొస్తే, అది పొదుపు కాదు. ఖర్చు తగ్గించే దారులూ ఉన్నాయి. చాలాచోట్ల ఒడిలో కూర్చునే రెండేళ్లలోపు పిల్లలకి టికెట్టు లేదు. వారం మధ్యలో ధర తక్కువ ఉంటుంది. సినిమా పేరున్న రైలే కానక్కర్లేదు, పేరు లేని చిన్న మార్గాల మీద తిరిగే క్రిస్మస్ రైళ్లూ అంతే ముచ్చటగా ఉంటాయి.

ఆ డబ్బు ఎటు పోతుందో కూడా చూడాలి. ఈ పాత మార్గాల్లో చాలావాటికి ఏడాది రాబడిలో పెద్ద వంతు ఈ రెండు నెలల్లోనే వస్తుంది. ఇంగ్లండులోనూ క్రిస్మస్ తాత రైళ్ల రాబడి మీదే ఎన్నో పాత రైలుమార్గాలు చలికాలం గట్టెక్కుతాయి. అమెరికా చట్టం ప్రకారం ఆవిరి ఇంజను 1,472 రోజులు పనిచేసినా, లేదా 15 ఏళ్లు గడిచినా, బాయిలరు మొత్తం విప్పి పరీక్ష చేయాలి. పనికి ఏళ్లు పడుతుంది, బోలెడు సొమ్ము కావాలి. క్రిస్మస్ రైలుని లాగేది చాలాచోట్ల డీజిల్ ఇంజనే అయినా, షెడ్డులో ఆవిరి ఇంజనుకి మళ్లీ నిప్పు పడాలంటే ఈ టికెట్ల డబ్బే ఆధారం. తర్వాతి తరం పిల్లలు కూత వినగలగడానికి ఈ తరం పిల్లల టికెట్లు పెట్టుబడి.

ఒక్కచోట మాత్రం ఆక్షేపించేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పిల్లని ఫొటో కోసం తీసుకెళ్లేవాళ్లున్నారు. నిద్రవేళ దాటాక బయల్దేరే ఆఖరి బండికి టికెట్లు కొని, కునికిపాట్లు పడుతున్న పిల్లని తట్టి లేపి, నవ్వలేదని కసిరి, ప్రయాణమంతా ఫోను అడ్డం పెట్టుకుని చూసేవాళ్లు. ఆ పిల్లలు ఏడుస్తారు, ఏడవడం న్యాయం. ఇంజను కూతకి హడలిపోయే పిల్లలూ ఉంటారు, వాళ్లని ఈ ఏడాదికి వదిలేయాలి. సాయంత్రం మొదటి బండి ఎంచుకోండి. ముందే అన్నం తినిపించండి. వారం ముందునుంచీ కథ చదివి వినిపించండి. ఫొటో ఒకటి తీసి ఫోను సంచిలో పడేయండి. ఇవి చేయకుండా వెళ్లి, "పిల్లకి ఏమీ తెలియలేదు" అంటే, అది పిల్ల తప్పు కాదు.

మా తరానికి చివరిగా ఒక మాట. మనం ఇక్కడికి వచ్చేది ఆరు నెలల కోసం. వచ్చే డిసెంబరుకి వీసా ఉంటుందో లేదో, మోకాళ్లు సహకరిస్తాయో లేదో మన చేతిలో లేదు. పిల్లలు మూడేళ్ల వయసులో ఒక్క డిసెంబరే ఉంటారు. వాళ్లకి గుర్తుండదన్న సాకుతో వాయిదా వేస్తే పోగొట్టుకునేది వాళ్లొక్కరే కాదు, పక్క సీటులో కూర్చోవాల్సిన మనమూను. కాబట్టి అల్లుడో కోడలో టికెట్లు కొంటామన్నప్పుడు అడ్డు చెప్పకండి. "మాకూ రెండు కొనండి" అనండి. పసిపిల్ల సంతోషానికి రేపటి పూచీకత్తు అడిగే హక్కు ఎవరికీ లేదు.